తాతగారి అంబాసిడర్‌కి వర్క్‌షాప్ మాన్యువల్ ఎక్కడ దొరుకుతుంది?

తణుకు_శ్రీను (తణుకు) | శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా తాతగారి 1977 మోడల్ అంబాసిడర్ మార్క్ 3 పెట్రోల్ బండి పెరట్లో షెడ్డులో ఉంది. కొన్నేళ్లుగా కదల్లేదు గానీ ఇంజన్ జామ్ అవ్వలేదు, హ్యాండిల్ వేసి తిప్పితే తిరుగుతోంది. దాన్ని చూసుకునే మేస్త్రీగారు పని మానేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. ఇప్పుడు ఊళ్లో ఉన్న కుర్రాళ్లు స్కానర్ పెట్టే ప్లగ్గు కనపడకపోతే బానెట్ మూసేస్తున్నారు. వాళ్ల తప్పు కూడా కాదులెండి.

అందుకని నేనే మెల్లగా చేసుకుందామని దిగాను. డాష్‌బోర్డు అరలో ఒక చిన్న పుస్తకం దొరికింది. టైర్లలో గాలి ఎంత ఉండాలి, ఆయిల్ ఎప్పుడు మార్చాలి, అంతవరకే ఉంది. నెట్‌లో అంబాసిడర్ రిపేర్ మాన్యువల్ అని కొడితే అమెరికా వాళ్ల ఏఎంసీ అంబాసిడర్ అని ఏదో పడవంత కారుది వస్తోంది. అసలు మన బండికి మాన్యువల్ అంటూ ఉందా?

---

లక్ష్మి_రెడింగ్ (రెడింగ్, ఇంగ్లాండ్) | శనివారం రాత్రి 10:25

ఉంది శ్రీను గారూ, కాకపోతే వేరే పేరు మీద ఉంది. "మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3" అని వెతకండి. 1956 నుంచి 1959 దాకా ఇక్కడ తయారైన ఆ కారునే హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారాలో అంబాసిడర్‌గా కట్టింది. గ్రిల్లు, డాష్‌బోర్డు మారుస్తూ 2014 దాకా తీశారు గానీ మీ మార్క్ 3 కింద ఉన్నది చాలావరకు ఆ బండే. ఇంజన్ బీఎంసీ (మోరిస్ మాతృసంస్థ) వాళ్ల బి-సిరీస్, 1489 సీసీ. ఎంజీఏ స్పోర్ట్స్ కారులో కూడా అదే వేశారు. దాన్నే 1798 సీసీకి పెంచి ఎంజీబీలో పెట్టారు. నా దగ్గర ఉన్నది ఎంజీబీయే, అందుకే ఈ ఇంజన్‌తో కొంచెం పరిచయం.

ఒక్క జాగ్రత్త. 1959లో ఆక్స్‌ఫర్డ్ అన్న పేరుతోనే పూర్తిగా కొత్త బాడీ వచ్చింది, సిరీస్ 5. తర్వాత సిరీస్ 6గా 1971 దాకా నడిచింది. పాత పుస్తకాల షాపుల్లో ఎక్కువగా కనపడేది దీని మాన్యువలే. అందులో ఇంజన్ భాగం మీకు పనికొస్తుంది. ముందు సస్పెన్షన్, స్టీరింగ్ భాగాలు తెరవనే వద్దు. మీ బండికి ముందు టోర్షన్ బార్లు, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ ఉంటాయి. దానికి కాయిల్ స్ప్రింగులు, స్టీరింగ్ బాక్సు. అట్ట మీద సిరీస్ 2, 3 అని రాసి ఉంటేనే డబ్బులు పెట్టండి.

మీకు దొరికిన చిన్న పుస్తకం ఓనర్స్ మాన్యువల్, బండి నడిపేవాళ్ల కోసం రాసింది. మీకు కావలసింది వర్క్‌షాప్ మాన్యువల్, అది కంపెనీ తన మెకానిక్‌ల కోసం రాసుకున్నది. వీలైతే పార్ట్స్ కేటలాగ్ కూడా సంపాదించండి. స్పేర్ పార్ట్స్ కౌంటర్ వాళ్ల కోసం వేసిన పుస్తకం అది. పని ఎలా చేయాలో ఒక్క ముక్క ఉండదు గానీ ప్రతి భాగాన్నీ విడగొట్టి వరసగా గీసి ఉంటుంది. ఏ వాషర్ ముందు, ఏ స్ప్రింగు వెనక అన్నది వర్క్‌షాప్ మాన్యువల్ కంటే దాంట్లోనే బాగా తెలుస్తుంది.

---

ఫియట్_రఘు (వరంగల్) | శనివారం రాత్రి 11:02

లక్ష్మి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నా ప్రీమియర్ పద్మిని కారుకి కూడా ఇదే కథ, ఇంకా మెలిక ఎక్కువ. పద్మిని అంటే ఫియట్ 1100డి అని అందరికీ తెలుసు. ఆ పుస్తకం తెప్పించుకుంటే బాడీ, డోర్లు, స్టీరింగ్ మీది గేర్ రాడ్డు అన్నీ అచ్చం మన బండివే. ఇంజన్ పేజీలు తెరిస్తే మాత్రం 1221 సీసీ! ఇటలీలో 1962లో వచ్చిన 1100డికి ఆ ఇంజన్ వేశారు. మన ప్రీమియర్ వాళ్లు కుర్లాలో చివరిదాకా 1089 సీసీ మీదే ఉన్నారు. అంటే బాడీకి ఒక పుస్తకం, ఇంజన్‌కి అంతకు ముందరి 1100 పుస్తకం. పిస్టన్ సైజు చూడకుండా ఆర్డర్ పెడితే అంతే సంగతులు.

ప్రీమియర్ వాళ్లదే 118 ఎన్ఈ కారు ఉన్నవాళ్లకి ఇంకో మాట. దాని బాడీ ఫియట్ 124ది, ఇంజన్ నిస్సాన్ ఏ12ది. సగం పుస్తకం ఇటలీలో, సగం జపాన్‌లో.

---

చిన్నా_కాకినాడ (కాకినాడ) | ఆదివారం ఉదయం 7:48

ఇవన్నీ ఎందుకన్నా, యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయిగా. మా బైక్ కార్బొరేటర్ నేను వీడియో చూసే విప్పి శుభ్రం చేశా.

---

ఫియట్_రఘు (వరంగల్) | ఆదివారం ఉదయం 8:30

వీడియో చూడొద్దని ఎవరూ అనలేదు తమ్ముడూ. చెయ్యి ఎటు నుంచి పెట్టాలి, పానా ఏ కోణంలో తిప్పాలి అన్నది వీడియోలో తెలిసినంతగా పుస్తకంలో తెలవదు. కానీ హెడ్ బోల్టులు ఏ వరసలో, ఎంత టార్కుతో (తిప్పే బలంతో) బిగించాలో ఆ వీడియో చేసినాయన ఎక్కడ చూసి చెప్పాడు? సగం మంది "గట్టిగా బిగించండి" అనేసి వదిలేస్తారు. అంకె కోసం పుస్తకం, చెయ్యి తిరగడం కోసం వీడియో.

---

ఆటోనగర్_బాబాయ్ (విజయవాడ) | ఆదివారం ఉదయం 9:15

మీరంతా పుస్తకాల గురించి మాట్లాడుతున్నారు, నేను బండి గురించి మాట్లాడతా. పుస్తకం అనేది బండి ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిన రోజుది. శ్రీనూ, నీ బండి ఆ రోజు బండి కాదబ్బాయ్. మధ్యలో ఎంతమంది చేతులు పడ్డాయో దేవుడికెరుక. మా ఆటోనగర్‌లోనే అంబాసిడర్‌కి మెటాడోర్ డీజిల్ ఇంజన్ ఎక్కించిన బండ్లు బోలెడు తిరిగాయి. పుస్తకం కొనే ముందు ఒక పూట బానెట్ ఎత్తి కూర్చుని, అసలు అందులో ఏముందో రాసుకో.

మొదట కార్బొరేటర్. పైన గుండ్రంగా గంట ఆకారంలో డోమ్ ఉండి, దాని నెత్తిన చిన్న మూత ఉంటే ఎస్‌యూ కంపెనీది. ఆ మూత తిప్పి తీస్తే లోపల చిన్న రాడ్డు వస్తుంది, దాని కింద పల్చటి ఆయిల్ ఉండాలి. డోమ్ లేకుండా పైన సాదా మూత స్క్రూలతో బిగించి ఉంటే సోలెక్స్ అయి ఉంటుంది. బాడీ మీద పేరు పోతపోసి ఉంటుంది చూడు. మోరిస్ పుస్తకంలో ఎస్‌యూ గురించి రాస్తాడు. నీకు సోలెక్స్ ఉంటే ఆ పేజీలు దండగ.

రెండోది బ్యాటరీ. ఏ కొస బాడీకి తగిలించి ఉందో చూడు. మోరిస్ కాలంలో పాజిటివ్ ఎర్త్, అంటే పాజిటివ్ కొస బాడీకి. ఛార్జింగ్ డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టిన బండ్లు దాదాపు అన్నీ నెగటివ్ ఎర్త్. పుస్తకంలో బొమ్మ చూసి అలాగే కలిపావంటే ఆల్టర్నేటర్‌లో డయోడ్లు అక్కడికక్కడే పోతాయి.

మూడోది షాక్ అబ్జార్బర్లు. పాత లీవర్ రకమా, గొట్టం రకమా? చాలామంది మార్చేశారు.

ఇవన్నీ రాసుకున్నాక పుస్తకం తెరువు. అప్పుడది నీ మాట వింటుంది.

---

తణుకు_శ్రీను (తణుకు) | ఆదివారం మధ్యాహ్నం 1:40

బాబాయ్ గారూ, ఇప్పుడే చూసొచ్చాను. ఎస్‌యూ ఉంది, డోమ్ మీద దుమ్ము తుడిస్తే పేరు కనపడింది. మూత తీస్తే లోపల ఆయిల్ లేదు, అడుగున నల్లటి జిడ్డు. ఛార్జింగ్‌కి ఆల్టర్నేటర్ ఉంది, నెగటివ్ బాడీకి ఉంది. షాక్ అబ్జార్బర్లు వెనక గొట్టం రకం, ముందువి ఇంకా చూడలేదు. ఇంజన్ పెట్రోలే, మార్చినట్టు లేదు. ఇంజన్ నంబరు ప్లేటు ఫొటో తీసి పెట్టుకున్నా.

ఇంకో డౌటు. నెట్‌లో ఒకాయన "అన్ని ఇండియన్ కార్ల మాన్యువల్స్, ఒకే సీడీ" అని అమ్ముతున్నాడు. కొననా?

---

నిర్వాహకుడు | ఆదివారం మధ్యాహ్నం 2:05

ఆ లింకు తీసేశాను శ్రీను గారూ. ఇలాంటి సీడీల మీద ఇదివరకే ఇక్కడ చాలా ఫిర్యాదులు వచ్చాయి. ఎక్కువగా ఉచితంగా దొరికే ఫైళ్లనే పేరు మార్చి అమ్ముతుంటారు. మెనూలో "అంబాసిడర్" అని ఉంటుంది, తెరిస్తే ఇంకేదో బండి. డౌన్‌లోడ్ చేసే ముందు కార్డు వివరాలు అడిగే సైట్లూ అంతే. విషయసూచిక, కనీసం రెండు పేజీల నమూనా చూపించకుండా డబ్బు అడిగితే పక్కకి తప్పుకోండి.

ఇంకో మాట. పాత పుస్తకమైనంత మాత్రాన కాపీరైట్ పోయినట్టు కాదు. మొత్తం పుస్తకం స్కాన్ చేసి ఇక్కడ పెట్టకండి. ఫలానా పేజీలో ఫలానా అంకె గురించి మాట్లాడుకోవడానికి ఇబ్బంది లేదు.

---

నల్లమల_జీప్ (కర్నూలు) | ఆదివారం సాయంత్రం 4:20

కాపీరైట్ గొడవ లేకుండా దొరికేవి కావాలంటే జీపు కొనుక్కోండి 😀 అమెరికా సైన్యం విల్లీస్ జీపుకి రాయించిన టీఎం 9-803 పుస్తకం ప్రభుత్వ ప్రచురణ, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో హాయిగా దొరుకుతుంది. యుద్ధంలో కొత్తగా చేరిన కుర్రాళ్లకి అర్థమయ్యేలా రాసింది కాబట్టి అంత తేలిగ్గా ఉండే మాన్యువల్ నేను ఇంకోటి చూడలేదు. మన మహీంద్రా సీజే3బీకి ఛాసీ, గేర్ల వరకు చాలా పనికొస్తుంది. ఇంజన్ మాత్రం వేరు. పుస్తకంలో ఉన్నది సైడ్ వాల్వ్ ఇంజన్, సీజే3బీలో ఉన్నది హరికేన్, దాని ఇన్లెట్ వాల్వులు పైన హెడ్‌లో ఉంటాయి. ఆ ఇంజన్ కోసం ఎం38ఏ1 జీపు పుస్తకం చూడాలి.

శ్రీను గారూ, ఆదివారం హైదరాబాద్ వెళ్లే పని పడితే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక చుట్టు తిరగండి. ఇంజినీరింగ్ పుస్తకాల గుట్టల్లో అడుగున ఉంటాయి ఇవి. అమ్మేవాళ్లకి వాటి విలువ తెలీదు, మీ మొహంలో ఆత్రం కనపడనివ్వకండి. కోఠిలోనూ చూడొచ్చు. విజయవాడలో లెనిన్ సెంటర్. వీటన్నిటికంటే మంచి చోటు మూతపడిన పాత షెడ్డు. హిందుస్థాన్ మోటార్స్ డీలర్ల దగ్గర పనిచేసిన మేస్త్రీల ఇళ్లల్లో అటకెక్కి ఉంటాయి.

---

మారుతి800_కావ్య (హైదరాబాద్) | ఆదివారం రాత్రి 8:35

నాకు 1998 మారుతి 800 ఉంది, కార్బొరేటర్ మోడల్. ఈ థ్రెడ్ చదివాక నేనెందుకు తిప్పలు పడ్డానో అర్థమైంది. నేను మారుతి పేరు మీదే వెతుకుతూ కూర్చున్నా. చివరికి పాకిస్తాన్ వాళ్ల ఫైలు దొరికింది! అక్కడ సుజుకి మెహ్రాన్ అని 2019 దాకా అమ్మిన కారు మన 800 బాడీయే, 796 సీసీ ఎఫ్8బీ ఇంజనే. పైగా వాళ్లదీ కుడివైపు స్టీరింగ్ కాబట్టి బొమ్మలు కూడా తిరగేసి చూసుకునే పని లేదు.

800 వాళ్లు చూసుకోవాల్సింది సంవత్సరం. 1983లో మొదట వచ్చిన ఎస్ఎస్80 వేరు, 1986 నుంచి వచ్చిన బాడీ వేరు, ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఇంధనం ఇంజెక్ట్ చేసే పద్ధతి) వచ్చాక ఇంధనం, కరెంటు భాగాలు మొత్తం వేరు. మూడింటినీ 800 అనే అంటారు.

ఒకటి అడగాలి. నా బండికి ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) ఎంతో ఎవరైనా చెప్తారా? ఫైల్లో ఆ పేజీ మసకగా ఉంది.

---

లక్ష్మి_రెడింగ్ (రెడింగ్, ఇంగ్లాండ్) | ఆదివారం రాత్రి 9:50

కావ్యా, గుర్తున్న అంకె చెప్పడం నాకు ఇష్టం లేదు. ఎందుకో మా ఇంజన్‌తోనే చెప్తాను. శ్రీను గారి 1489 ఇంజన్‌కి మోరిస్ పుస్తకంలో ట్యాపెట్ గ్యాప్ 0.015 అంగుళం. అదే 1489 సీసీ బ్లాకు ఉన్న ఎంజీఏ 1500 పుస్తకంలో 0.017. సీసీ ఒకటే, గ్యాప్ వేరు. కాబట్టి "అదే ఇంజన్ కదా" అని ఎవరైనా అంకె చెప్తే తీసుకోకూడదు. ఇక ఆ గ్యాప్ ఇంజన్ వేడిగా ఉన్నప్పుడా, చల్లగా ఉన్నప్పుడా అన్నది కూడా పక్కనే రాసి ఉంటుంది. సగం మంది ఆ ముక్క వదిలేసి అంకె ఒక్కటే మోసుకొస్తారు.

మసక పేజీకి ఒక ఉపాయం ఉంది. ముఖ్యమైన అంకెలు మాన్యువల్‌లో సాధారణంగా రెండు చోట్ల ఉంటాయి. ఒకటి పని వివరించే చోట, ఇంకోటి ముందో వెనకో ఉండే కొలతల పట్టికలో. రెండూ పోల్చి చూడు. స్కాన్‌లో చుక్క ఎగిరిపోతుంది, 3 కాస్తా 8 అవుతుంది. రెండు చోట్లా ఒకటే అంకె ఉంటే నమ్మొచ్చు. ఒక్కోసారి బానెట్ లోపలి స్టిక్కర్ మీద కూడా ఉంటుంది, చూశావా?

---

మారుతి800_కావ్య (హైదరాబాద్) | ఆదివారం రాత్రి 10:20

పట్టికలో స్పష్టంగా ఉందక్కా! వేడికి ఒకటి, చల్లారాక ఒకటి, రెండు వరసలు. థాంక్స్.

---

మోహన్_డల్లాస్ (టెక్సాస్) | సోమవారం ఉదయం 6:55

అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం: ఊళ్లో పబ్లిక్ లైబ్రరీ కార్డు ఉంటే చాలాచోట్ల చిల్టన్ రిపేర్ మాన్యువల్స్ ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. నా పాత క్యామ్రీ బ్రేకులు అలాగే చేసుకున్నా. కంపెనీ మాన్యువలే కావాలంటే టొయోటా వాళ్ల సైటులో రెండు రోజుల చందా కట్టి ఆ రెండు రోజుల్లో కావలసినవన్నీ చదువుకోవచ్చు.

శ్రీను గారికి నాదొక హెచ్చరిక, యూనిట్ల గురించి. ఇంగ్లీషు వాళ్ల పుస్తకంలో టార్క్ పౌండ్-అడుగుల్లో ఉంటుంది. ఫియట్, సుజుకి పాత పుస్తకాల్లో కేజీ-మీటర్లలో. మనం కొనే టార్క్ రెంచ్ మీద న్యూటన్ మీటర్లు. ఉదాహరణకి 40 పౌండ్-అడుగులంటే 54 న్యూటన్ మీటర్లు, అదే 5.5 కేజీ-మీటర్లు. పుస్తకంలో 40 చూసి రెంచ్‌ని 40 న్యూటన్ మీటర్ల దగ్గర పెడితే బోల్టు నాలుగో వంతు వదులుగా ఉండిపోతుంది. గ్యాస్కెట్ లీకయ్యాక మనిషి గ్యాస్కెట్‌ని తిడతాడు. పౌండ్-అడుగుల్ని 1.356తో, కేజీ-మీటర్లని 9.81తో గుణిస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి. పేజీ ప్రింటు తీసి, పనికి దిగకముందే అంకె పక్కన పెన్నుతో రాసుకోండి. చేతులకి గ్రీజుతో ఫోన్‌లో లెక్కలు వేస్తే తప్పులే.

---

తణుకు_శ్రీను (తణుకు) | బుధవారం రాత్రి 9:30

సిరీస్ 2, 3 మాన్యువల్ దొరికింది! హిందుస్థాన్ మోటార్స్ డీలర్ దగ్గర పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు రాజమండ్రిలో ఉంటే నాన్నగారికి తెలిసినవాళ్లు చెప్పారు. ఆయన పుస్తకం అమ్మనన్నారు గానీ ఇంట్లోనే కూర్చుని నాకు కావలసిన పేజీలు ఫొటో తీసుకోనిచ్చారు. కాఫీ కూడా ఇచ్చారు. మార్జిన్లలో ఆయన పెన్సిల్ రాతలు పుస్తకం కంటే బాగున్నాయి. ఒకచోట "ఇక్కడ పుస్తకం చెప్పినట్టు చేస్తే చెయ్యి పట్టదు, ముందు మానిఫోల్డ్ తియ్యి" అని ఉంది.

ట్యాపెట్లు చూసుకుందామని కూర్చున్నా. ఏ వాల్వుకి ఎప్పుడు కొలవాలో చదివితే తల తిరుగుతోంది. పైగా చాలాచోట్ల "సర్వీస్ టూల్ 18జి" ఫలానా వాడమంటున్నాడు. అవెక్కడ తేను?

---

లక్ష్మి_రెడింగ్ (రెడింగ్, ఇంగ్లాండ్) | బుధవారం రాత్రి 10:15

ఆ పెన్సిల్ రాతలన్నీ ఫొటో తీశారు కదా? వాటికి వెల కట్టలేం.

ట్యాపెట్లకి మా బి-సిరీస్ వాళ్లకి తొమ్మిది లెక్క ఉంది. రేడియేటర్ వైపు నుంచి వాల్వులకి 1 నుంచి 8 దాకా వరసగా నంబర్లు వేసుకోండి. ప్లగ్గులు తీసేసి హ్యాండిల్‌తో మెల్లగా తిప్పండి. 8వ వాల్వు స్ప్రింగు పూర్తిగా కిందికి నొక్కుకున్నప్పుడు 1వ దాని గ్యాప్ కొలవండి. 6 నొక్కుకున్నప్పుడు 3, 4కి 5, 7కి 2, 1కి 8, 3కి 6, 5కి 4, 2కి 7. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిది రావాలి. సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు కొంచెం పట్టినట్టు జారాలి. లాక్ నట్ బిగించాక మళ్లీ ఒకసారి రేకు పెట్టి చూడండి, బిగించేటప్పుడు స్క్రూ కొద్దిగా తిరుగుతుంది.

18జి నంబర్లవి బీఎంసీ డీలర్లకిచ్చిన ప్రత్యేక పనిముట్లు. కంపెనీ మాన్యువల్‌తో చిక్కే ఇది, అన్నీ మీ దగ్గర ఉన్నాయనుకుని రాస్తారు. హేన్స్ పుస్తకాలు అందుకే అంత ఆడాయి. జాన్ హేన్స్ 1966లో ఆస్టిన్-హీలీ స్ప్రైట్ మాన్యువల్‌తో మొదలుపెట్టాడు. బండిని నిజంగా విప్పి, మళ్లీ బిగిస్తూ, ఇంట్లో ఉండే పనిముట్లతో ఎలా అవుతుందో రాయడం వాళ్ల పద్ధతి. కొలతలకి కంపెనీ పుస్తకం, పద్ధతికి ఇలాంటి పుస్తకం పక్కపక్కన పెట్టుకుంటే పని జరుగుతుంది.

---

ఫియట్_రఘు (వరంగల్) | బుధవారం రాత్రి 10:40

పద్ధతి బాగానే రాస్తారు గానీ చివర్లో "విప్పిన వరసకి ఎదురు వరసలో బిగించండి" అని ఒక్క వాక్యంతో చేతులు దులుపుకుంటారు చూడండి, అక్కడ ఏడుపొస్తది. విప్పేటప్పుడే ప్రతి మెట్టుకీ ఫొటో తియ్యాలె. బోల్టులకి నా దగ్గర పాత ఇడ్లీ రేకులున్నయి. ఒక్కో గుంటలో ఒక్కో చోటి బోల్టులు, రేకు అంచు మీద మార్కర్‌తో మాన్యువల్ పేజీ నంబరు. నెల తర్వాత తిరిగి కూర్చున్నా తడుముకునే పని లేదు.

---

ఆటోనగర్_బాబాయ్ (విజయవాడ) | గురువారం ఉదయం 8:05

లక్ష్మమ్మా, తొమ్మిది లెక్క మేమూ అదే. మా గురువు చెప్పాడు, ఏ పుస్తకంలో ఉందో మాకు తెలీదు.

శ్రీనూ, పానాల సంగతి ఎవరూ చెప్పలేదు. నీ బండి బోల్టులు అంగుళాల లెక్క. నీ దగ్గరున్న ఎంఎం సెట్టు తీసుకెళ్లి తగిలించకు. 13 పానా అర అంగుళం బోల్టుకి పడుతుంది, పట్టినట్టే ఉంటుంది, తుప్పు పట్టిన బోల్టు మీద ఒక్క ఊపు ఊపావా తల గుండ్రమైపోతుంది. 14 పానా 9/16 బోల్టుకి అసలు ఎక్కదు. 7/16, 1/2, 9/16 రింగు పానాలు, బాక్సులు కొనుక్కో. పాతవి ఆటోనగర్‌లో కిలోల్లెక్కన దొరుకుతాయి, కొత్త చైనావాటి కంటే అవే గట్టివి. మళ్లీ ఎవడో మధ్యలో ఎంఎం బోల్టులు కొన్ని వేసి ఉంటాడు. ఏది ఏదో మరతో పోల్చి చూసుకో, బలవంతంగా తిప్పకు.

పుస్తకం గురించి ముందు నేను కొంచెం కటువుగా అన్నా గానీ, క్లచ్ ప్లేటు రివెట్లు, బేరింగ్ క్లియరెన్సు, ఇలాంటివి చేతి అంచనాతో చెయ్యకూడదు. కొలత ఉన్న ప్రతిచోటా పుస్తకం చూడు. శబ్దం, వాసన, పొగ రంగు, వీటికి పుస్తకం లేదు.

---

తణుకు_శ్రీను (తణుకు) | ఆదివారం సాయంత్రం 5:15

ట్యాపెట్లు అయ్యాయి. రెండు వాల్వులకి గ్యాప్ దాదాపు లేదు, రేకు దూరలేదు. ఎస్‌యూ డోమ్ తీసి కడిగి, ఆయిల్ పోశాను. పిస్టన్ వేలితో పైకెత్తి వదిలితే ఇప్పుడు టక్కుమని అడుగుకి పడుతోంది, ముందు మధ్యలో ఆగేది. స్పార్క్ వచ్చేలా చేసే పాయింట్ల గ్యాప్ 0.015 అంగుళం పెట్టాను, పుస్తకంలో 0.014 నుంచి 0.016 ఉంది. స్పార్క్ నీలంగా వస్తోంది.

ఇప్పుడు వైరింగ్ దగ్గర ఆగిపోయాను. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు రావట్లేదు. పుస్తకంలో బొమ్మ ఒకటి, బండిలో ఒకటి.

---

లక్ష్మి_రెడింగ్ (రెడింగ్, ఇంగ్లాండ్) | ఆదివారం సాయంత్రం 6:30

బొమ్మ మొత్తం ఒకేసారి చూడకండి, పిచ్చెక్కుతుంది. మీకు కావలసిన సర్క్యూట్ ఒక్కటే స్కెచ్ పెన్నుతో గీసుకోండి. పాత లూకాస్ (ఇంగ్లీషు కార్లకి కరెంటు సామాను చేసిన కంపెనీ) వైరింగ్‌లో రంగులకి అర్థం ఉంది. గోధుమ రంగు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉండేది. తెలుపు తాళం తిప్పితే వచ్చేది. ఆకుపచ్చ తాళం తిప్పాక ఫ్యూజు గుండా వచ్చేది, ఇండికేటర్లు దీని మీదే. ఎరుపు చిన్న లైట్లు. నీలం హెడ్‌లైట్లు, నీలం మీద తెల్ల గీత ఉంటే హై బీమ్, ఎర్ర గీత ఉంటే డిమ్. నలుపు ఎర్త్.

టెస్ట్ ల్యాంపుతో ఆకుపచ్చ వైరులో కరెంటు ఉందో లేదో చూడండి. లేకపోతే ఇండికేటర్ల దాకా వెళ్లనక్కర్లేదు, ఫ్యూజు బాక్సు దగ్గరే ఆగండి. ఫ్యూజు బాగానే ఉన్నా దాన్ని పట్టుకునే రేకులు తుప్పు పట్టి ఉంటాయి.

---

ఆటోనగర్_బాబాయ్ (విజయవాడ) | ఆదివారం రాత్రి 7:10

రంగులు సరేనమ్మా, మధ్యలో ఎలక్ట్రీషియన్ చుట్ట ఎర్ర వైరు తెచ్చి బండి అంతా అదే లాగి ఉంటే? నేను చూసినవి చాలా అలాంటివే. డాష్‌బోర్డు కింద తల పెట్టి చూడు శ్రీనూ. రంగుల వైర్లకి గుడ్డ చుట్టో, పాత జాయింట్లో ఉంటే అసలువి. టేపు చుట్టి కొత్తగా మెరిసేవి ఉంటే పుస్తకం పక్కన పెట్టి, ఆ వైరు ఈ కొస నుంచి ఆ కొస దాకా ల్యాంపుతో పట్టుకుని పోవడమే.

---

ఫియట్_రఘు (వరంగల్) | ఆదివారం రాత్రి 8:00

అన్నా, ఎర్ర వైర్లు పీకి పారేసి మొత్తం కొత్త డిజైన్ చెయ్యకు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమం ప్రకారం 50 ఏళ్లు దాటిన బండి పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉంటే "వీఏ" నంబరుకి దరఖాస్తు చేసుకోవచ్చు. నీది 1977 కదా, 50 ఏళ్లు వచ్చేస్తున్నయి. అసలు బండిలో ఏముండేదో చూపించడానికి ఈ పుస్తకం, పార్ట్స్ కేటలాగ్ దగ్గరుంటే పనికొస్తయి. వింటేజ్ నంబరుతో రోజూ తిప్పడం కుదరదు, ప్రదర్శనలు, ర్యాలీలు, సర్వీసింగ్ లాంటి వాటికే. అది కూడా ఆలోచించుకో.

---

తణుకు_శ్రీను (తణుకు) | సోమవారం రాత్రి 9:45

ఫ్యూజు బాక్సే! రేకులు పచ్చగా తుప్పు పట్టి ఉన్నాయి. ఎమెరీ కాగితంతో గీకి, రేకులు కొంచెం లోపలికి వంచాను. ఇండికేటర్లు వచ్చేశాయి. హెడ్‌లైట్‌కి బాబాయ్ గారు చెప్పినట్టే ఒక ఎర్ర వైరు లాగి ఉంది, స్విచ్ దగ్గర వదులైంది. దాని పక్కనే అసలు నీలం వైరు మడిచిపెట్టి ఉంది, బాగానే ఉంది. అదే కలిపాను.

ఇంజన్ స్టార్ట్ చేసే ముందు బ్రేకులు చూస్తాను. మాస్టర్ సిలిండర్ కిట్ రాణిగంజ్‌లో దొరుకుతుందా, విజయవాడే వెళ్లాలా?

---

ఆటోనగర్_బాబాయ్ (విజయవాడ) | సోమవారం రాత్రి 10:05

ఇక్కడికే రా. పాత సిలిండర్ విప్పి చేత్తో పట్టుకొచ్చెయ్, లోపలి బోరు కొలిచి రబ్బర్లు ఇప్పిస్తా. పుస్తకంలో సైజు ఒకటుంటుంది, నీ బండికి ఎవడేం బిగించాడో చూస్తే గానీ తెలీదు. గుంటలు పడి ఉంటే రబ్బర్లు వేసి లాభం లేదు, కొత్త సిలిండరే.

---

చిన్నా_కాకినాడ (కాకినాడ) | సోమవారం రాత్రి 10:30

అన్నా, మా మావయ్యది కాంటెస్సా ఉంది. దానికి ఏ పేరుతో వెతకాలి?

---

లక్ష్మి_రెడింగ్ (రెడింగ్, ఇంగ్లాండ్) | సోమవారం రాత్రి 10:50

బాడీకి వాక్స్‌హాల్ విక్టర్ ఎఫ్ఈ, వీఎక్స్ పేర్లతో వెతుకు. ఇంజన్ ఏదో ముందు చూడాలి. మొదట్లో వచ్చినవాటికి శ్రీను గారి 1489 ఇంజనే, క్లాసిక్ అయితే 1.8 ఇసుజు.

---

నిర్వాహకుడు | సోమవారం రాత్రి 11:00

చిన్నా, కాంటెస్సాకి కొత్త థ్రెడ్ తెరవండి, ఇంజన్ నంబరు ప్లేటు ఫొటోతో. శ్రీను గారి బ్రేకుల సంగతి ఇక్కడే కొనసాగిద్దాం.